చుట్ల లెక్కల పుస్తకం, వెనుక పుటలు

21 ఏప్రిల్ 2024, ఆదివారం. వెలిగండ్ల

ఈ పుస్తకం ముందు సగం బోరు మోటార్లది. ఏ మోటారుకు ఎన్ని స్లాట్లు, స్లాటుకు ఎన్ని చుట్లు, ఏ గేజి వైరు, అన్నీ పాత చుట్టలు కోయకముందే రాసిపెట్టుకోవాలి. వెనక సగం ఖాళీగా ఉంది. ఇవాళ్టి నుంచి అందులో కార్ల సంగతి రాస్తాను.

బావ బండి ఆగకూడదు. పక్క ఊరి పెద్దాయనను వారానికి మూడుసార్లు తెల్లవారుజామున డయాలసిస్‌కు కనిగిరి తీసుకుపోయేది ఆ బండే. ఒక్కరోజు తప్పితే ఆయనకు కాళ్లు ఉబ్బి, ఆయాసం వస్తుంది. ఆ వేళకు ఇంకో కారు పిలిస్తే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

బావ చెప్పిన జబ్బు ఇది. రాత్రి హెడ్‌లైట్లు, లోపలి ఫ్యాను కలిపి వేస్తే డాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ సన్నగా వెలుగుతోంది. పగలు కనపడదు. పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. ఫిబ్రవరిలోనే నాలుగు వేల పైన పోసి కొత్త బ్యాటరీ వేయించాడు. "ఇది కూడా పోయినట్టుంది బావా, రేపు మార్చుకొస్తా" అన్నాడు.

మార్చనివ్వలేదు. బ్యాటరీ గాదె, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పంట. పంట రానప్పుడు గాదె మారిస్తే ఏం ఒరుగుతుంది? మన చుట్టుపక్కల బండి స్టార్ట్ కాకపోతే మొదట డబ్బు పెట్టేది బ్యాటరీ మీదే. మీటరు పెట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.1 వోల్టులు చూపింది. నిండుగా ఉంటే 12.6 దగ్గర ఉండాలి, 12.2 అంటే సగమే. ఇంజను వేసి కొంచెం రేస్ ఇస్తే 13.3. బాగున్న ఆల్టర్నేటర్ అయితే 13.8కీ 14.5కీ మధ్య నిలబడాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేయమన్నాను. 12.5కి దిగింది. రేస్ పెంచినా పైకి రాలేదు.

అప్పుడు మీటరును ఏసీకి తిప్పి బ్యాటరీ కొనల మీదే పెట్టాను. 0.9 చూపింది. అక్కడ ఏసీ దాదాపు కనపడకూడదు, అర వోల్టు దాటితే డయోడ్లను అనుమానించాల్సిందే. బ్యాటరీ నిర్దోషి. పాపం ఫిబ్రవరి నుంచి అర్ధాకలితో పనిచేస్తోంది.

ఆ ఎర్ర లైటు గురించి బావకు చెప్పింది ఇక్కడా రాసుకుంటాను. చాలా బండ్లలో దానికి ఒక కొస బ్యాటరీ వైపు, ఒక కొస ఆల్టర్నేటర్ వైపు. తాళం తిప్పగానే బ్యాటరీ వైపు వోల్టేజి ఉంటుంది, ఆల్టర్నేటర్ వైపు ఉండదు. అందుకే వెలుగుతుంది. ఆ బల్బులోంచి పోయే కొద్ది కరెంటే రోటర్‌కు తొలి అయస్కాంతాన్ని ఇస్తుంది. ఇంజను తిరిగి కరెంటు పుట్టాక రెండు వైపులా వోల్టేజి సమానమవుతుంది, లైటు ఆరిపోతుంది. పూర్తిగా వెలిగితే ఛార్జింగ్ లేనట్టు. సన్నగా వెలిగితే రెండు వైపులా సమానం కానట్టు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోయినా సంతోషించకూడదు. ఆ బల్బు పోయి ఉంటే ఆల్టర్నేటర్‌కు తొలి కరెంటు అందక నిద్ర లేవకపోవచ్చు.

28 ఏప్రిల్ 2024, ఆదివారం

ఇవాళ విప్పాను. ముందు బ్యాటరీ నెగెటివ్ తీశాను. ఆల్టర్నేటర్ వెనక బోల్టుకు బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వస్తుంది, తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. పానా బాడీకి తగిలితే నిప్పులే. బెల్టు వదులు చేసి, రెండు బోల్టులు విప్పి, బయటికి తీశాక రెండు మూతల మీదుగా స్క్రైబర్‌తో గీత గీసి పెట్టాను. మళ్లీ బిగించేటప్పుడు రెండు మూతల మీది గీతా కలవాలి.

లోపల చూస్తే నాకు కొత్త అనిపించలేదు. మొదటిసారి విప్పినప్పుడు కూడా అనిపించలేదు. స్టేటర్‌లో 36 స్లాట్లు, మూడు ఫేజులు. వెలిగండ్లలో బోరు ఉన్న ప్రతి రైతుకూ త్రీఫేజు అంటే తెలుసు. పగలు తొమ్మిది గంటలు అదే వస్తుందా, ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసే కరెంటు అది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు మూడు ఫేజులు పంపితే రోటర్ తిరుగుతుంది. ఇక్కడ ఇంజను బెల్టుతో రోటర్‌ను తిప్పుతుంటే మూడు ఫేజులు పుడతాయి.

తేడాలు కూడా రాసిపెట్టుకోవాలి. మన సబ్‌మెర్సిబుల్ రెండు పోళ్లది, యాభై సైకిళ్ల మీద తిరుగుతుంది, నీళ్లు నింపుకుని ఉంటుంది కాబట్టి దానికి ప్లాస్టిక్ తొడుగు వైరు చుడతాం. ఆల్టర్నేటర్ రోటర్‌లో ఒకే ఒక గుండ్రటి చుట్ట. దాని రెండు పక్కలా రెండు ఇనుప పళ్లేలు, ఒక్కోదానికి ఆరు గోళ్లు వంగి, ఒకదాని సందుల్లోకి ఇంకోటి వస్తాయి. ఒక వైపు గోళ్లన్నీ ఉత్తర ధ్రువం, ఇంకో వైపువి దక్షిణం. ఒకే చుట్టతో పన్నెండు పోళ్లు. ఇంత తక్కువ రాగితో ఇన్ని పోళ్లు తెచ్చిన ఆలోచనకు వైండింగ్ పని చేసేవాడిగా చేతులెత్తి దండం పెడతాను. మన పనిలో పన్నెండు పోళ్లంటే పన్నెండు చుట్టలు, పన్నెండు చోట్ల అతుకులు.

రోటర్ ఒక్క చుట్టు తిరిగితే ఆరు సైకిళ్లు. ఇంజను ఐడిల్‌లో నిమిషానికి 800 తిరిగితే, పుల్లీల తేడా వల్ల ఆల్టర్నేటర్ రెండుంపావు రెట్లు, అంటే 1800 తిరుగుతుంది. సెకనుకు ముప్పై చుట్లు, 180 సైకిళ్లు. మన స్తంభాల మీది కరెంటు కన్నా మూడున్నర రెట్లకు పైనే.

ఆ మూడు ఫేజులను బ్యాటరీ తీసుకోలేదు. ఫేజుకు రెండు చొప్పున ఆరు డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తాయి. స్టేటర్ కొనల టంకం వదిలించి, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి ఒక్కోదాన్నీ అటూ ఇటూ చూశాను. ఒక వైపు అర వోల్టు చిల్లర చూపాలి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. ఐదు బాగున్నాయి. ఆరోది రెండు వైపులా ఏమీ చూపలేదు, తెగిపోయింది. ఒక ఫేజులో సగం అల రావడమే లేదు. బ్యాటరీ దగ్గర మీటరు చూపిన ఏసీ ఆ గుంటదే.

విప్పాను కదా అని మిగతావీ చూశాను. కార్బన్ బ్రష్షులు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి. హోల్డర్‌లోంచి బయటికి ఐదు మిల్లీమీటర్ల కన్నా తక్కువ కనిపిస్తే మారుస్తాను. స్లిప్ రింగులు నల్లబడ్డాయి, సన్నటి ఎమ్రీ కాగితంతో రుద్ది గుడ్డతో తుడిచాను. రెండు రింగుల మధ్య 2.9 ఓములు, రింగుకూ షాఫ్టుకూ మధ్య ఏ కలయికా లేదు, కాబట్టి రోటర్ చుట్ట తెగలేదు, ఎర్త్ కాలేదు. స్టేటర్ చుట్టల ఓములు మామూలు మీటరుతో తేలవు, ఒక ఓముకు చాలా తక్కువ ఉంటాయి. వాటికి ఎర్త్ ఉందా లేదా, రంగు మాడిందా, వార్నిష్ వాసన వస్తోందా అని చూడటమే.

ముందు బేరింగు వేలితో తిప్పితే గరగరమంది. కొట్టి తీస్తే మూత పగులుతుంది, పుల్లరే వాడాలి. బేరింగు మీద చెక్కిన నంబరు రాసుకున్నాను. ముందుదీ వెనకదీ రెండూ కలిపి మారుస్తాను.

1 మే 2024, బుధవారం

కనిగిరి నుంచి డయోడ్ ప్లేటు, రెండు బేరింగులు తెచ్చాను. అన్నీ కలిపినా కొత్త బ్యాటరీ ఖరీదులో మూడో వంతు లోపే.

బిగించాక రేస్‌లో 14.2. అన్ని లైట్లూ ఫ్యానూ వేస్తే 13.9. ఏసీ కొలత సున్నాకు దగ్గర. ఆల్టర్నేటర్ వెనక బోల్టు మీద ఒక కొస, బ్యాటరీ పాజిటివ్ మీద ఇంకో కొస పెట్టి, లోడు మీద దారిలో ఎంత పోతోందో కూడా చూశాను. 0.15. పావు వోల్టు దాటితే ఎక్కడో లగ్గు తుప్పు పట్టినట్టు. ఎర్త్ వైపూ అలాగే చూడాలి. ఎర్త్ వైరు ఇంజనుకు బిగించే చోట పాత నూనె మడ్డి పేరుకుంటుంది, అక్కడ గీకి బిగిస్తే బాగయ్యే బండ్లు చాలా ఉంటాయి.

ఆ పెద్దాయనకు విషయం చెబితే, "ఇంత చిన్న ముక్కతోనా నాయనా నా ప్రయాణం" అని డయోడ్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

13 మే 2024, సోమవారం

ఓట్ల రోజు. ఊరు నిండిపోయింది. బెంగళూరు, హైదరాబాదు బేల్దారి పనులకు పోయినవాళ్లంతా రాత్రికి రాత్రి దిగారు. బావ బండి రెండు రోజులుగా ఇంజను ఆరకుండా తిరుగుతోంది. బస్సు దిగినవాళ్లను ఊళ్లకు చేర్చడం, ముసలివాళ్లను పోలింగ్ బూతుకు తేవడం.

మధ్యాహ్నం షాపు ముందు ఆపి, "మీటరు పెట్టు బావా, మళ్లీ తగ్గింది" అన్నాడు. 13.6. కంగారు పడాల్సింది లేదు. ఈ ఎండలో గంటలకొద్దీ నడిచిన బండి అది. వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ వేడిని బట్టి దాన్ని తనంతట తనే కొంచెం దించుతుంది. వేడెక్కిన బ్యాటరీకి ఎక్కువ వోల్టేజి పెడితే ఉడుకుతుంది కాబట్టి అలా చేస్తారు. రాగి కూడా వేడికి మొరాయిస్తుంది. డిగ్రీకి నూటికి దాదాపు 0.4 వంతు నిరోధం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఉన్న చుట్ట 100కు పోతే నూటికి ముప్పై దాకా. రోటర్‌లోకి పోయే కరెంటు తగ్గుతుంది, పుట్టేదీ తగ్గుతుంది. అందుకే మన ప్రాంతంలో ఆల్టర్నేటర్‌ను పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం కాగాక ఒకసారి చూడాలి. పొద్దున బాగుండి మధ్యాహ్నం 13 కిందికి దిగితే అప్పుడు విప్పుతాను.

లోడు లెక్క వేసి బావకు చూపించాను. హెడ్‌లైట్లు రెండూ 110 వాట్లు, అంటే 8 ఆంపియర్లు. వెనక లైట్లు 2. లోపలి ఫ్యాను పెద్ద స్పీడులో 10. రేడియేటర్ ఫ్యాను 8 నుంచి 10. ఇంజనుకు, పెట్రోలు పంపుకు కలిపి 8. ఏసీ క్లచ్ 3 లేదా 4. ఫోన్ల ఛార్జింగ్ ఒకటి. మొత్తం నలభై. 14 వోల్టులతో గుణిస్తే 560 వాట్లు. ఆల్టర్నేటర్ తీసుకున్న బలంలో సగం చిల్లరే కరెంటుగా ఇస్తుంది, మిగతాది వేడి. అంటే ఇంజను దగ్గర ఇది లాగేది వెయ్యి వాట్లు, హార్స్‌పవర్‌కు పైమాట. ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు ఎంత నీళ్లు తోడుతుందో తెలిసిన వాడికి ఈ గుప్పెడు యంత్రం మోసే బరువు అర్థమవుతుంది. దాని మీద రాసిన ఆంపియర్లు ఇంజను పరుగులో ఉన్నప్పటివి. బూతు ముందు ఐడిల్‌లో ఏసీ, ఫ్యాను, లైట్లు వేసుకుని గంట నిలబడితే తగ్గిన భాగం బ్యాటరీలోంచి పోతుంది. ఊరికే నిలబడినప్పుడు ఏసీ ఆపమన్నాను. బండిలో పసిబిడ్డో రోగో ఉంటే మాత్రం ఆపొద్దన్నాను.

26 మే 2024, ఆదివారం

రోహిణి కార్తె మొదలైంది.

బ్యాటరీ నీళ్ల గురించి ఇవాళ గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ట్రాక్టర్ తెచ్చిన కుర్రవాడు మూతలు తీసి, బోరు నీళ్లు పోయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. మన నీళ్ల సంగతి ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. ఎముకలను వంచిన నీళ్లు ఇవి. వీటిలోని ఉప్పులు ప్లేట్ల మీద పేరుకుంటే బ్యాటరీ బతకదు. క్యాన్లలో వచ్చే మినరల్ వాటర్ కూడా పనికిరాదు, అందులోనూ ఉప్పులు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటే మార్గం. ప్లేట్లు మునిగి, గుర్తు దాకా వస్తే చాలు. నీళ్లే పోయాలి, యాసిడ్ కలపకూడదు, ఎండలో ఆవిరయ్యేది నీళ్లే.

ఒకే బ్యాటరీ మాటిమాటికీ నీళ్లు తాగుతుంటే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. రెగ్యులేటర్ చెడి 15 దాటి ఛార్జ్ చేస్తుంటే నీళ్లు ఉడికి పోతాయి, హెడ్‌లైట్ బల్బులు వరసగా మాడుతాయి, బ్యాటరీ కొనల చుట్టూ తెల్లపచ్చటి పొడి లేస్తుంది. తక్కువ ఛార్జింగ్‌ను అందరూ పట్టుకుంటారు. ఎక్కువ ఛార్జింగ్ బండి బాగా స్టార్ట్ అవుతూనే లోపల చంపుతుంది.

2 జూన్ 2024, ఆదివారం

బెల్టు. దీని మీద ఎంత రాసినా తక్కువే.

పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి, నిమిషంలో ఆగిపోయే బండ్లు ఊళ్లో చాలా ఉన్నాయి. రాత్రి దిగిన బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటర్ ఆ మొదటి నిమిషాల్లోనే గట్టిగా లాగుతుంది, వదులు బెల్టు జారుతుంది. జారిన కొద్దీ గాడి అద్దంలా నునుపెక్కి ఇంకా జారుతుంది. సబ్బు రాయడం, పౌడరు చల్లడం, ఏదో స్ప్రే కొట్టడం మందు కాదు. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు దాకా దిగాలి. అంతకన్నా దిగితే బిగించాలి. అసలు దిగకపోతే వదలాలి, బిగుతు బెల్టు బేరింగును తినేస్తుంది. లోపలి వైపు తిప్పి చూసినప్పుడు అడ్డపగుళ్లు కనపడితే ఇక బిగించి లాభం లేదు, మార్చడమే. పాత బెల్టు ఇంకా పనికొస్తుంటే పారేయకుండా డిక్కీలో పెట్టుకోమంటాను.

భైరవకోన గుడికి సంసారంతో పోతున్న ఒకాయన, సీఎస్ పురం దాటాక ఎర్ర లైటు పూర్తిగా వెలిగితే ఫోన్ చేశాడు. "అన్నా, బండి నడుస్తానే ఉంది, గుడిదాకా పోయి వస్తా" అన్నాడు. ముందు ఆపి బోనెట్ తీయమన్నాను. ఆయన బండిలో ఆల్టర్నేటర్‌నూ నీళ్ల పంపునూ తిప్పేది ఒకటే బెల్టు. తెగి ఉంటే, ఛార్జింగ్ సంగతి అటుంచి, కొద్ది నిమిషాల్లోనే ఇంజను కాగిపోతుంది, హెడ్డు వంగిపోవచ్చు. బెల్టు ఉందన్నాడు, తిరుగుతోందన్నాడు. అయితే భయం లేదు, ఏసీ, ఫ్యాను, పాటలు అన్నీ ఆపి, ఇంజను మళ్లీ ఆపకుండా, వెలుగుండగానే తిరిగి రమ్మన్నాను. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ, ఇంజను ఒక్కటే పది ఆంపియర్లు తాగుతుంటే లెక్కకు మూడున్నర గంటలు. నిండుగా లేని బ్యాటరీ, పాతబడిన ప్లేట్లు, అన్నీ తీసేస్తే సగం నమ్మొచ్చు. చీకటి పడితే హెడ్‌లైట్లు ఆ సగాన్నీ సగం చేస్తాయి. ఎండ దిగకముందే షాపుకు వచ్చాడు. బ్రష్షులు అరిగి స్లిప్ రింగును అందుకోవడం లేదు. కొత్తవి టంకం పెట్టి పంపాను. దర్శనం వచ్చే ఆదివారం చేసుకుంటామని ఆయన భార్య అంది. బిడ్డలతో చీకట్లో ఆ కొండ కింద ఆగిపోయేవాళ్లం అని ఆమె అన్నప్పుడు, ఫోన్ ఎత్తడం ఎంత మంచిదయిందో అనుకున్నాను.

9 జూన్ 2024, ఆదివారం

నాకు పని నేర్పిన గురువుగారు వచ్చారు. డెబ్బై దాటాయి. ఆయన కాలంలో జీపులకూ అంబాసిడర్లకూ ఉన్నది డైనమో. అందులో కరెంటు పుట్టేది తిరిగే భాగంలో. పుట్టిన ఇరవై చిల్లర ఆంపియర్లూ కమ్యుటేటర్ మీద రాసుకునే బ్రష్షుల్లోంచే బయటికి రావాలి. నిప్పులు చిమ్మేది, అరిగేది, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇచ్చేది కాదు. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టేది కదలని స్టేటర్‌లో. బ్రష్షుల్లోంచి పోయేది రోటర్‌కు కావలసిన మూడు నాలుగు ఆంపియర్లే, అందుకే అవి ఏళ్లు వస్తాయి. ఇదంతా మనుషులకు ముందే తెలుసు. అడ్డుపడింది ఏసీని డీసీ చేయడం. చేతిలో ఇమిడే, వేడికి ఓర్చే సిలికాన్ డయోడ్లు చవగ్గా వచ్చాకే దారి దొరికింది. అమెరికాలో క్రైస్లర్ 1960 మోడల్ వేలియంట్ కారుకు ఆల్టర్నేటర్‌నే బిగించి అమ్మింది. మన దగ్గర ఇంకా చాలా ఏళ్లు డైనమోలే నడిచాయి. మద్రాసు పాడిలో 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ పేరు ఆ రోజుల నుంచీ గురువుగారి నోట్లో ఉంది.

మాటల మధ్యలో ఒక మెకానిక్ బండి తెచ్చి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "ఆగలేదు చూడు, ఛార్జింగ్ ఉంది" అని చూపించబోయాడు. గురువుగారే కేకేశారు. డైనమో రోజుల పరీక్ష అది. ఆల్టర్నేటర్ పూర్తి బలంతో ఇస్తున్నప్పుడు బ్యాటరీని ఊడబీకితే, పోవడానికి చోటు లేక వోల్టేజి ఒక్క క్షణంలో ఎన్నో రెట్లు ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్, ఇంజను కంప్యూటరు, ఏది ముందు దొరికితే అది పోతుంది. "మీటరు ఖరీదు ఎంతరా అబ్బాయ్? ఆ కంప్యూటరు ఖరీదు ఎంత?" అని అడిగారు. ఆయన గొంతులో ఆ పదును విని చాలా ఏళ్లయింది.

ఇంకో మూడు మాటలు ఆయన చెప్పినవే. లారీ బ్యాటరీల నుంచి కేబుళ్లు వేసి కారు స్టార్ట్ చేయొద్దు, చాలా లారీలకు 24 వోల్టులు ఉంటాయి. ట్రాక్టర్ నుంచి అయితే పర్వాలేదు, పాజిటివ్‌కు పాజిటివ్, నెగెటివ్ కొసను మాత్రం ఆగిపోయిన బండి ఇంజను ఇనుముకు. తారుమారు అయితే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి. బండికి వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ కేబుళ్లు తీసి పక్కన పెట్టాలి.

23 జూన్ 2024, ఆదివారం

ఇమ్మడిచెరువు నుంచి ఒక మేస్త్రీ కారు వచ్చింది. బెంగళూరులో పని, పండగలకు వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఇంటి దగ్గర వదిలిన బండి బ్యాటరీ చచ్చి ఉంటుంది. ఛార్జింగ్ 14.1, ఆల్టర్నేటర్ పూర్తిగా బాగుంది. అలాంటప్పుడు చూడాల్సింది బండి నిద్రపోతున్నప్పుడు ఏమి తాగుతోందనేది.

తాళం తీసి, తలుపులన్నీ వేసి, నెగెటివ్ కేబులుకూ బ్యాటరీకీ మధ్య ఆంపియర్ మీటరు పెట్టాను. అరగంట ఆగాలి, లోపలి కంప్యూటరు పడుకోవడానికి ఆ వ్యవధి. యాభై మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. ఇక్కడ 300. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. మొదట ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి చూశాను. లీకయ్యే డయోడ్ కూడా రాత్రంతా బ్యాటరీని తాగుతుంది, పొద్దున ముట్టుకుంటే ఆగిన బండిలో ఆల్టర్నేటర్ గోరువెచ్చగా ఉంటుంది. తేడా రాలేదు. తర్వాత ఫ్యూజులు ఒకటొకటే పీకాను. ఏదీ కాదు. చివరికి తేలింది, పాటల డబ్బాకు పెట్టిన ఆంప్లిఫయర్‌ను నేరుగా బ్యాటరీకి కలిపారు. రోజుకు ఏడు ఆంపియర్-అవర్లు. వారం తిరక్కుండా ఖాళీ.

దాన్ని తాళం తర్వాతి వైరుకు మార్చాను. మేస్త్రీతో మాత్రం, ఊరు వదిలేటప్పుడు నెగెటివ్ విప్పి పొమ్మన్నాను. ఖాళీ బ్యాటరీని అలాగే నెలల తరబడి వదిలితే ప్లేట్ల మీద గట్టి పొర కట్టి, మళ్లీ ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా లేవదు. ఇన్నేళ్లలో ఎన్ని బ్యాటరీలు మార్చాడో లెక్క చెబుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఎండలో ఇటుకలు మోసి సంపాదించిన డబ్బు అది.

7 జూలై 2024, ఆదివారం

హనుమంతునిపాడు వైపు నుంచి మాడిన స్టేటర్ వచ్చింది. విప్పగానే కాలిన వార్నిష్ వాసన. రీవైండింగ్ చేస్తావా అని అడిగారు. చేయగలను. చుట్లు తక్కువ, వైరు లావు, స్లాట్లు ఇరుకు. వేడికి ఓర్చే ఎనామెల్ వైరు, స్లాటు కాగితం, ఓవెన్‌లో ఎండబెట్టే వార్నిష్ కావాలి. కంపెనీ మిషను కొట్టి కూర్చోబెట్టినంత బిగువుగా చేత్తో కూర్చోబెట్టడం కష్టం. వదులుగా ఉన్న చుట్ట ఇంజను అదురుకు రాసుకుని మళ్లీ ఎర్త్ అవుతుంది. పాత బండ్లకు, విడిభాగం ఎక్కడా దొరకనప్పుడు చేస్తాను. దొరికేదానికి కొత్త స్టేటరే వేయమంటాను, అది నా వైండింగ్ గిరాకీకి నష్టమైనా సరే.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడిని అడిగాను, ఎందుకు కాలిందో చెప్పమని. డయోడ్లు చూశాడు, రోటర్ చూశాడు, బేరింగు చూశాడు. అన్నీ బాగున్నాయి. బండితోపాటు వచ్చిన బ్యాటరీ మీద మీటరు పెట్టమన్నాను. రాత్రంతా ఛార్జర్ మీద పెట్టినా 10.5 దాటలేదు. ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చింది. ఎంత పోసినా నిండని బ్యాటరీకి ఆల్టర్నేటర్ గంటలకొద్దీ తన పూర్తి బలంతో పోస్తూ పోయింది, ఈ ఎండల్లో. బ్యాటరీని ఊరికే అనుమానించకూడదని ఏప్రిల్ నుంచి వాడికి చెబుతున్నాను. ఊరికే నమ్మకూడదని కూడా ఇవాళ చెప్పాను. రెంటినీ కొలవాలి.

కొత్త బ్యాటరీ తెస్తేనే స్టేటర్ బిగిస్తానని ఓనరుకు ఫోన్ చేసి చెప్పాను. ఈ పాతదాని మీద బిగిస్తే శ్రావణం రాకముందే మళ్లీ కాలుతుందని, రెండోసారి డబ్బు పెట్టించడం నాకు ఇష్టం లేదని కూడా చెప్పాను. కాసేపు బేరమాడి, బుధవారం తెస్తానన్నాడు.